కడప బండ మీద హెడ్‌సెట్ ఎందుకు తడబడుతుంది?

ప్రొద్దుటూరు పాఠకుడు ఒకరు అడిగారు: "వీఆర్ హెడ్‌సెట్ (కళ్ల ముందు బొమ్మల తెర చూపించే, తలకు కట్టుకునే పెట్టె) పెట్టుకొని ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తున్నాను. ఎదురుగా చూసినంతసేపూ తెర కుదురుగా ఉంటుంది. కీబోర్డు కోసం తల వంచితే చాలు, జానెడు పక్కకు జరిగిపోతుంది. దిష్టి తగిలిందంటున్నారు ఇంట్లో. ఏం చేయాలి?"

దిష్టి తీయించుకుంటే నష్టమేమీ లేదు గానీ, ఆయన చివర్లో రాసిన ముక్కలోనే సగం జవాబుంది. ఇంట్లో నేలా, రాతబల్లా రెండూ కడప బండలేనట.

తలకు తగిలించుకున్న పెట్టె తానెక్కడుందో రెండు రకాలుగా తెలుసుకుంటుంది. లోపల ఒక చిప్పు త్వరణాన్నీ, తిరుగుడునూ సెకనుకు కొన్ని వందల సార్లు కొలుస్తుంటుంది. బయట కెమెరాలుంటాయి. మెటా కంపెనీ క్వెస్ట్ 2 హెడ్‌సెట్‌కు ముందు వైపు నాలుగు మూలల్లో నాలుగు. ఆదోని దిక్కు నల్లరేగడి చేలల్లో రాత్రిపూట నడిచే మనిషిని తలుచుకోండి. అడుగులు లెక్కపెట్టుకుంటూ పోతాడు. మధ్యలో తెలిసిన తుమ్మచెట్టు కనబడితే లెక్క సరిచేసుకుంటాడు. అడుగుల లెక్క చిప్పుది, చెట్టు గుర్తుపట్టే పని కెమెరాది.

అడుగుల లెక్క ఒక్కటే ఎందుకు చాలదు? ఇంటర్లో పిల్లలచేత "సగం ఏటీ స్క్వేర్" లెక్కలు వందలు చేయిస్తాం, అన్నీ మేడ మీద నుంచి రాయి వేసేవే. అదే సూత్రం ఇక్కడ పెట్టండి. చిప్పు కొలతలో సెకను వర్గానికి 0.01 మీటరు తప్పుందనుకోండి, అంటే గురుత్వ త్వరణంలో వెయ్యోవంతు. ఒక సెకనులో తేడా అర సెంటీమీటరే. 10 సెకన్లకు అర మీటరు. నిమిషానికి 18 మీటర్లు, వీధి దాటిపోతారు! తల వాలు అంచనాలో డిగ్రీలో పదోవంతు తప్పినా గురుత్వాకర్షణలో కొంత కదలికగా లెక్కలోకి వచ్చి సెకను వర్గానికి 0.017 మీటరు తప్పు పుడుతుంది. అందుకే క్షణక్షణం చెట్లు కనబడుతూనే ఉండాలి.

కెమెరాకు చెట్టంటే వెలుగు రెండు దిక్కులా మారే బిందువు, అంటే మూల. స్విచ్‌బోర్డు మూల, పుస్తకం మూల, క్యాలెండర్‌లో అంకె. ఒట్టి గీత పనికిరాదు. గీత వెంబడి జరిగితే గీత అట్లాగే కనిపిస్తుంది, అడ్డంగా జరిగితేనే తేడా తెలుస్తుంది. పాలిష్ పట్టిన నల్లబండలో ఉండేది ఒకే నలుపు, నాలుగు అతుకు గీతలు. నాలుగు బండలు కలిసేచోట మూల దొరుకుతుంది, కానీ అన్నీ ఒకే పోలిక. చేనంతా ఒకే ఎత్తు తుమ్మచెట్లుంటే ఏది దాటామో ఎట్లా చెప్పడం?

దీనికి తోడు నునుపు. చదునైన అద్దంలో ప్రతిబింబం మనం ఎటు జరిగినా ఒకే చోట ఉంటుంది. నేలకు 9 అడుగుల ఎత్తున ట్యూబ్‌లైటుంటే, బండ కింద 9 అడుగుల లోతున ఇంకో ట్యూబ్‌లైటు. లెక్కకు అది నిఖార్సైన చెట్టే, కాకపోతే పాతాళంలో మొలిచింది. హెడ్‌సెట్ అదే నేల అనుకుంటే మట్టం తప్పుతుంది. బండ పూర్తిగా చదును కాదు కాబట్టి తల కదిలినప్పుడల్లా ఆ మెరుపు వంకరలు పోతూ జారుతుంది. అప్పుడది నడిచే చెట్టు.

నడిచే చెట్లు ఇంకా ఉన్నాయి: కీబోర్డు మీద మీ చేతులు, ఫ్యాన్ నీడ, గాలికి ఊగే క్యాలెండర్. సాఫ్ట్‌వేర్ ఓట్లు లెక్కపెట్టినట్టు ఎక్కువ బిందువులు చెప్పే కదలికనే నమ్ముతుంది, మిగతావాటిని తీసేస్తుంది. ఎదురుగా గోడ, పుస్తకాల అర కనిపిస్తున్నప్పుడు కదలని బిందువులదే మెజారిటీ. తల వంచగానే కెమెరాల నిండా నల్లబండ, రెండు చేతులు. ఓటు చేతులదే. తెర జానెడు జరిగేది అప్పుడే.

కాబట్టి ముందు బల్ల మీద ఏదైనా పరవండి. చారల జంపఖానా వద్దు, చార చారకూ పోలిక కుదిరి మళ్లీ అదే గందరగోళం. మన ఇళ్లలో పాత చీరముక్కలతో కుట్టే బొంత ఉంటుందే, అంతకన్నా మంచిది లేదు. ఏ ముక్కా ఇంకో ముక్కలా ఉండదు, మెరవదు. బల్ల మీద ఒక మడత, కుర్చీ చుట్టూ నేల మీద ఒకటి. సున్నం కొట్టిన బోడి గోడకు ఏ పటమైనా తగిలించి నాలుగు మూలలా మేకులు కొట్టండి. అద్దం బీరువా ఉంటే దుప్పటి కప్పండి. సామాను అటూ ఇటూ మార్చినప్పుడు హెడ్‌సెట్ తనలో గీసి దాచుకున్న పాత గది నక్షాను చెరిపేసి కొత్తగా గీయించండి.

ఇక వెలుతురు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకు 50 ఆవృత్తులు. ఒక్కో ఆవృత్తికి రెండుసార్లు చొప్పున చోక్ పెట్టిన పాత ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కెమెరా సెకనుకు 30 ఫొటోలు తీస్తే ఒక్కో ఫొటోకు 3.33 మినుకులు. అంటే ఒక ఫొటో వెలుగులో, ఇంకోటి మసకలో. 25 తీస్తే సరిగ్గా 4 మినుకులు, అన్నీ ఒకే వెలుగులో. క్వెస్ట్ సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ ఉంటుంది, దాన్ని 50 హెర్ట్జ్‌కు మార్చండి, కెమెరా మన కరెంటు లయకు కుదురుతుంది. లైటు మినుకుతోందో లేదో ఫోన్‌లో స్లోమోషన్ వీడియో తీస్తే తెలిసిపోతుంది. కరెంటు పోయినప్పుడు హెడ్‌సెట్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, కానీ చీకట్లో కెమెరాలకు ఏమీ కనిపించదు. తల తిప్పడం తెలుస్తుంది, ముందుకు జరగడం తెలియదు. గదిలో ఒక ఇన్వర్టర్ బల్బు పెట్టుకోండి.

ఇవన్నీ సరిచేశాక కూడా అక్షరం కొంచెం మసకగానే ఉంటుంది. అది గది తప్పు కాదు. 24 అంగుళాల మామూలు మానిటర్‌ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే చూపులో ఒక్కో డిగ్రీకి 40 పిక్సెల్స్ (తెర మీది చుక్కలు) పడతాయి. క్వెస్ట్ 3లో పడేది 25. చక్కటి చూపున్న కన్ను 60 దాకా పట్టగలదు. ఇంగ్లీషు అక్షరం ఎట్లాగో నెట్టుకొస్తుంది, "రాష్ట్రం"లో షకు కింద టావత్తు, రావత్తు రెండూ తెలియాలంటే ఫాంటు సైజు ఒకటిన్నర రెట్లు పెంచాల్సిందే. రోజంతా తెలుగు టైపు చేసేవాళ్లకు మానిటరే మేలని నా అభిప్రాయం.

చివరగా ఎండ. ఇట్లాంటి పరికరాలను సాధారణంగా 35 డిగ్రీల లోపు వేడిని దృష్టిలో పెట్టుకొని తయారు చేస్తారు. మే నెలలో కర్నూలు మిద్దెల్లో మధ్యాహ్నం ఆ హద్దు దాటకుండా ఉండదు. చిప్పు వేడెక్కితే వేగం తగ్గించుకుంటుంది, బొమ్మ తల కదలిక కంటే వెనకబడుతుంది, కడుపులో తిప్పుతుంది. బరువైన పని పొద్దున పూట పెట్టుకోండి. తూర్పు ముఖంగా కూర్చుంటే మంచిదనే పట్టింపు ఉన్నవాళ్లు కిటికీకి పరదా వేయాలి. హెడ్‌సెట్ తీసి లెన్స్‌లు కిటికీ వైపు పెడితే అవి భూతద్దాల్లా ఎండను లోపలి తెర మీద పోగు చేస్తాయి. కాసేపటికే శాశ్వతంగా మచ్చ పడుతుంది. తీసిన వెంటనే లెన్స్‌లు కిందికి ఉండేటట్టు, గుడ్డ కప్పి పెట్టండి. దుమ్ము పడితే ముందు గాలి బుడ్డితో ఊదాలి, ఆ తర్వాతే పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవాలి. అనంతపురం ఎర్రదుమ్ములో ఇసుక ఉంటుంది, చీర కొంగుతో రుద్దితే ప్లాస్టిక్ లెన్స్ మీద గీతలు పడతాయి.