కిట్ విమానం ఆకారం దిద్దడం: అపోహలు – వాస్తవాలు

ప్లాస్టిక్ మోడల్ కిట్‌లో ఫ్యూజలేజ్ (విమానం ఒళ్ళు) రెండు సగాలూ టేపుతో జోడించి చూడగానే "ముక్కు లావుగా ఉందే", "తోక పొట్టిగా ఉందే" అనిపిస్తుంది. వెంటనే చెయ్యి రంపం మీదికి పోతుంది. ఆగండి. ముందు వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) తియ్యండి. చెడగొట్టిన కిట్లలో చాలావాటిని చెడగొట్టింది తయారీదారు కాదు, తొందర.

అపోహ: పొడవు, రెక్కల వెడల్పు స్కేలుకు సరిపోతే ఆకారం సరైనట్టే.

మిగ్-21 యుద్ధ విమానం రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి 7.154 మీటర్లు. 1/72లో (అంటే అసలులో 72వ వంతు) 99.4 మి.మీ., 1/48లో 149 మి.మీ. రావాలి. ఇది సరిచూడటం సులువు. గొడవంతా ఈ అంకెలకు అందనిచోట ఉంటుంది: వెన్ను ఎంత ఎత్తు, గాలి లోపలికి పోయే మూతి ఎంత వెడల్పు, అడ్డంగా కోస్తే గుండ్రంగా ఉంటుందా, కోడిగుడ్డులా ఉంటుందా. పొడవులో ఇంకో తిరకాసు ఉంది. మిగ్-21ఎంఎఫ్ రకానికి తరచూ కనిపించే 15.76 మీటర్లు ముక్కు దగ్గర పొడుచుకొచ్చిన పిటాట్ గొట్టంతో (గాలి వేగం కొలిచేది) కలిపిన కొలత. ఆ గొట్టం లేని ప్లాస్టిక్‌ను ఈ అంకెతో పోలిస్తే కిట్ పొట్టిదనే అనిపిస్తుంది. లేని జబ్బుకి ఆపరేషన్ చేసినట్టవుతుంది.

ముక్కలు బాగా అతుక్కోవడం కూడా రుజువు కాదు. హసెగావా కంపెనీ 1/48 స్పిట్‌ఫైర్ 9 విమానం కిట్ కట్టడానికి హాయిగా ఉంటుంది. ఫ్యూజలేజ్ మాత్రం పొట్టి.

అపోహ: స్కేల్ డ్రాయింగ్ ఉంటే చాలు, దాని మీద పెట్టి చూడటమే.

డ్రాయింగ్ గీసినవాడూ మనిషే. పైగా మీ చేతికి వచ్చేది జెరాక్సుకి జెరాక్సు, లేదా ప్రింటర్ ఒకవైపు కాస్త సాగదీసిన కాగితం. విశాఖ గాలిలో తేమకి కాగితం కూడా ఉబ్బుతుంది. ప్రింట్ తీసేముందు పేజీలో నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి 100 మి.మీ. గీతలు పెట్టండి. ప్రింటయ్యాక రెండూ వెర్నియర్‌తో కొలవండి. ఒకటి 100, ఇంకోటి 99 వచ్చిందంటే ఆ కాగితాన్ని నమ్మి దేన్నీ కోయకూడదు.

ఆ తర్వాత విమానం మీద కచ్చితంగా తెలిసిన వస్తువు ఒకటి పట్టుకోండి. అన్నిటికంటే మంచిది టైరు. మిగ్-21 తర్వాతి రకాలకు ప్రధాన చక్రం టైరు 800 × 200 మి.మీ., అంటే 1/72లో 11.1 మి.మీ. డ్రాయింగ్‌లో చక్రం 11.8 ఉంటే మిగతా గీతల్నీ అనుమానించాల్సిందే. ఫొటోలో టైరును కొలిచేటప్పుడు నిలువుగా కాదు, అడ్డంగా కొలవండి. బరువుకి కింది భాగం నొక్కుకుపోయి ఎత్తు తగ్గి ఉంటుంది.

అపోహ: బీచ్ రోడ్డులో అసలు విమానమే ఉందిగా, ఫొటో తీసి దాని మీంచి గీసుకోవచ్చు.

ఇది మన ఊరి ప్రత్యేక అపోహ. ఆర్.కె. బీచ్ దగ్గర 2017 నుంచి ఉన్న టీయూ-142 నౌకాదళ విమానం నిజంగా వరమే, రెక్కల వెడల్పే 50 మీటర్లు. కానీ దగ్గర నిలబడి ఫోన్‌తో తీసిన ఫొటో కొలతలకు పనికిరాదు. లెక్క చూడండి. ఫ్యూజలేజ్‌కు 10 మీటర్ల దూరంలో నిలబడ్డారు. మీవైపు 2 మీటర్లు ముందుకొచ్చిన భాగం దానికంటే 25 శాతం పెద్దగా పడుతుంది. అదే 40 మీటర్ల దూరం పోయి జూమ్ చేస్తే తేడా 5 శాతానికి వస్తుంది. కాబట్టి వీలైనంత వెనక్కి వెళ్ళండి, కొలవాల్సిన భాగం ఫ్రేమ్ మధ్యలో ఉంచండి. అంచుల్లో లెన్స్ గీతలను వంచేస్తుంది.

ఇంకోటి. ఈ విమానాన్ని విడదీసి రోడ్డు మీద తెచ్చి మళ్ళీ బిగించారు. మ్యూజియంలో నిలబెట్టిన ఏ విమానమైనా ఇంధనం నింపుకుని రన్‌వే మీద ఉన్నదానిలా కూర్చోదు. కాళ్ళ (చక్రాలు బిగించే కడ్డీల) ఎత్తు, వాలు కోసం సర్వీసులో ఉన్నప్పటి ఫొటోలే చూడాలి. రివెట్ల వరుసలు, తలుపుల అంచులు, వంపు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోంది అన్న సంగతులకు మాత్రం మ్యూజియంకు మించినది లేదు.

అపోహ: తక్కువైన చోట పుట్టీ పెడితే సరి.

పుట్టీ గీతలకీ సందులకీ. అర మిల్లీమీటరు దాటిందంటే ప్లాస్టిక్ షీటే వెయ్యాలి. కారు పెయింటు షాపుల్లో దొరికే ఎన్.సి. పుట్టీలో థిన్నర్ ఉంటుంది. అది ఎగిరిపోయేకొద్దీ పుట్టీ కుంచించుకుపోతుంది. మందంగా పూస్తే పైన ఎండి లోపల మెత్తగానే ఉంటుంది, కింద ప్లాస్టిక్‌నీ కరిగిస్తుంది. ఇవాళ నున్నగా అరగదీసిన చోట వారం తర్వాత గుంట పడేది అందుకే.

ఎం-సీల్ అలా కుంచించుకుపోదు. కానీ గట్టిపడ్డాక ప్లాస్టిక్ కంటే గట్టిది. అరగదీస్తుంటే పక్కనున్న మెత్తటి ప్లాస్టిక్ ముందు అరిగిపోయి అంచు వెంబడి కాలవ పడుతుంది. వాటర్ పేపర్‌ను (తడిపి వాడే గరుకు కాగితం) వేలితో కాకుండా చిన్న చెక్క ముక్కకు చుట్టి 400 నంబరుతో మొదలుపెట్టండి. సూపర్ గ్లూలో టాల్కం పౌడర్ కలిపి పూసే పద్ధతికి తేమ సాయపడుతుంది, త్వరగా గట్టిపడుతుంది. అయితే గంటలోపే అరగదియ్యాలి. మర్నాడు చూద్దాం అనుకుంటే రాయి. ఆ తేమే సీసాలోని గ్లూని కూడా చిక్కబరుస్తుంది కనుక బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి, వాడేముందు గది వేడికి వచ్చాకే మూత తియ్యండి.

షీటు దొరక్క పాత ఏటీఎం కార్డు వాడేవాళ్ళున్నారు. తప్పులేదు, మందం 0.76 మి.మీ. నికరంగా ఉంటుంది. అది పీవీసీ కాబట్టి మోడల్ సిమెంటుతో (కిట్ ప్లాస్టిక్‌ను కరిగించి అతికించే జిగురు) అంటుకోదు, సూపర్ గ్లూ కావాలి.

అపోహ: పొట్టిగా ఉంటే మధ్యలో కోసి ముక్క దూర్చడమే.

ఎక్కడ కోస్తున్నారన్నదే అసలు పని. లావు మారని చోట కోస్తే దూర్చిన ముక్క కనిపించదు. సన్నబడుతున్న చోట కోస్తే మెట్టు పడుతుంది. తోకవైపు ప్రతి 10 మి.మీ.కి ఒక్కో పక్కా 1 మి.మీ. తగ్గుతోందనుకోండి, 4 మి.మీ. ముక్కకి ఒక్కో పక్క 0.4 మి.మీ. మెట్టు. దాన్ని కలపడానికి ముందూ వెనకా చాలా దూరం అరగదియ్యాలి, ప్యానెల్ గీతలన్నీ పోతాయి.

రెండు సగాలూ టేపుతో బిగించి, చుట్టూ ఒకే గీత పెట్టి, విడదీసి విడివిడిగా కొయ్యండి. రంపం తినే ప్లాస్టిక్‌ను మర్చిపోకండి: సన్న బ్లేడు పావు మిల్లీమీటరు తింటే 4 మి.మీ. పెంచడానికి 4.25 మి.మీ. ముక్క కావాలి. 1 మి.మీ. షీట్లు నాలుగు, పైన 0.25 షీటు ఒకటి సిమెంటుతో అంటిస్తే సరిపోతుంది. ఆ దొంతరలో ఇరుక్కున్న సిమెంటు పోవడానికి కనీసం రెండు రోజులు ఆగాలి. లోపలివైపు రెండు అంచులనూ కలుపుతూ పట్టీలు వేయకపోతే అరగదీసే ఒత్తిడికే అతుకు విచ్చుకుంటుంది.

అపోహ: లావైన ముక్కును అరగదీస్తే సన్నబడుతుంది.

సన్నబడుతుంది, తర్వాత చిల్లు పడుతుంది. 1/72 కిట్ గోడ మందం దాదాపు 1 మి.మీ. అరగదియ్యబోయే చోట లోపల ముందే ఎం-సీల్ దట్టించి ఒక రోజు వదిలెయ్యండి. సన్నగా ఉన్నదాన్ని లావు చెయ్యడానికి రెండు సగాల మధ్య పట్టీ పెడితే ఫ్యూజలేజ్ మొత్తం వెడల్పవుతుంది, కానపీ (కాక్‌పిట్ మీది అద్దం మూత) కూర్చోదు. ముక్కు దగ్గర మందంగా మొదలై కాక్‌పిట్ ముందు సున్నాకి వచ్చే ఏటవాలు ముక్క పెట్టాలి.

అపోహ: కిట్‌కి విడిగా అమ్మే రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరిచే పదార్థం), త్రీడీ ప్రింట్ భాగాలు కొంటే ఈ బాధ ఉండదు.

రెజిన్ గట్టిపడేటప్పుడు కొంచెం కుంచించుకుపోతుంది. త్రీడీ ఫైలు గీసినవాడు వాడింది కూడా మీరు అనుమానించిన డ్రాయింగే కావచ్చు. కొన్నా సరే కొలవాలి.

అపోహ: తెలిసిన ప్రతి తప్పూ దిద్దాలి.

1/72లో 0.3 మి.మీ. అంటే అసలు విమానం మీద రెండు సెంటీమీటర్ల పైచిలుకు. రెక్క చివరో, తోక అంచో ఆ మాత్రం తేడా ఉంటే వదిలెయ్యొచ్చు. ముక్కు, కానపీ మాత్రం మొహం లాంటివి, అక్కడ అర మిల్లీమీటరు కూడా గదిలో అటుపక్క నుంచే కనబడుతుంది. విమానం నిలబడే వాలూ అంతే. ముందు చక్రం కాలు 1 మి.మీ. ఎక్కువైతే ముక్కు పైకెత్తుకుని చూస్తున్నట్టుంటుంది, అది పది నిమిషాల్లో కోసి అతికించే పని.