సూర్యుడి సంగతి సరే, అతుకుల మాటేమిటి?

2021 నవంబరులో ఇటర్ ప్రాజెక్టులో ఒక లోహపు పలకకు హీలియం లీకు పరీక్ష చేశారు. అంతకు ముందు ఏడాదే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొత్త పలక అది. దాని మీద వెల్డు చేసిన గొట్టంలోంచి హీలియం కారింది. ఎందుకా అని వెతికితే గొట్టం గోడలో పగుళ్లు కనిపించాయి, కొన్నిచోట్ల 2.2 మిల్లీమీటర్ల లోతు దాకా. అలాంటి గొట్టాలు మొత్తం 23 కిలోమీటర్లున్నాయి. అన్నీ పీకేసి కొత్తవి వేయాలని చివరికి తేల్చారు.

దక్షిణ ఫ్రాన్సులో కడరాష్ దగ్గర కడుతున్న ఇటర్ ప్రపంచంలోకెల్లా పెద్ద ఫ్యూజన్ ప్రయోగ రియాక్టరు, అంటే సూర్యుడిలోలాగా తేలిక కేంద్రకాలను కలిపి శక్తి పుట్టించే యంత్రం. యూరోపియన్ యూనియన్, అమెరికా, రష్యా, చైనా, జపాన్, దక్షిణ కొరియాలతో పాటు మన దేశమూ అందులో భాగస్వామి. దాని గురించి పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా 'భూమ్మీద సూర్యుడు' అన్న శీర్షికే. 15 కోట్ల డిగ్రీలు, సూర్యుడి గర్భం కన్నా పది రెట్లు వేడి, అని మొదలుపెడతారు. ఆ వేడిని సాధించడం మాత్రం ఈ రంగంలో పాత కబురే. ఇంగ్లండులోని జెట్ అనే ఫ్యూజన్ యంత్రం అలాంటి ప్లాస్మాను, అంటే అంత వేడికి విద్యుదావేశం పొందిన వాయువును, ఎన్నోసార్లు తయారు చేసింది. 2023లో తన చివరి ప్రయోగాల్లో 0.2 మిల్లీగ్రాముల ఇంధనం నుంచి 69 మెగాజౌళ్ల శక్తిని రాబట్టి చూపించింది కూడా. నన్నడిగితే అసలు తిప్పలన్నీ ఆ వేడికి నాలుగడుగుల అవతల ఉన్న లోహంతోనే.

ప్లాస్మాను గోడలకు తగలకుండా గాల్లో నిలబెట్టేది అయస్కాంత క్షేత్రం. ఆ క్షేత్రాన్నిచ్చే తీగచుట్టలు అతివాహకాలు, అంటే నిరోధం లేకుండా కరెంటును మోసేవి. మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచితేనే అవి పనిచేస్తాయి. అంటే 15 కోట్ల డిగ్రీల ప్లాస్మాకు, విశ్వంలోని అత్యంత చల్లటి చోట్లతో పోటీపడే తీగకు మధ్య దూరం కొద్ది మీటర్లే. మధ్యలో శూన్యం ఉంటుంది కాబట్టి గాలి ద్వారా వేడి పోదు. కానీ వేడెక్కిన గోడ వికిరణంగా వెదజల్లే వేడికి శూన్యం అడ్డురాదు. దాన్ని తిప్పికొట్టడానికే వెండిపూత పూసిన స్టెయిన్‌లెస్ స్టీలు పలకలతో ఒక కవచం పెట్టారు. ఆ పలకలను చల్లగా ఉంచడానికి గొట్టాల్లో మైనస్ 193 డిగ్రీల హీలియం వాయువు తిరుగుతుంది. లీకైంది ఆ గొట్టాల్లో ఒకటి.

కారణం తెలిశాక రసాయన ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లెవరికీ ఆశ్చర్యం కలగదు. గొట్టాన్ని వంచి వెల్డు చేసినప్పుడు లోహంలో ఒత్తిడి మిగిలిపోతుంది. వెల్డు పక్కన సందుల్లో క్లోరిన్ అవశేషాలు ఇరుక్కున్నాయి. స్టెయిన్‌లెస్ స్టీలుకు క్లోరిన్ అంటే పడదు. ఒత్తిడి, క్లోరిన్ రెండూ ఒకేచోట కలిస్తే పైకి తుప్పు కనపడకుండానే లోపల పగుళ్లు మెల్లగా పాకిపోతాయి. చిన్న లీకే కదా అని వదిలేయడానికి లేదు. హీలియం కారితే యంత్రం చుట్టూ ఉన్న శూన్యం పాడవుతుంది. యంత్రం మూసేశాక ఆ గొట్టం దాకా చెయ్యి కాదు, స్పానరు కూడా పోదు.

ఇదే సమయంలో ఇంకో గొడవ కూడా బయటపడింది. ప్లాస్మా ఉండే శూన్యగది గారె ఆకారంలో ఉంటుంది. దాన్ని తొమ్మిది ముక్కలుగా చేయిస్తున్నారు, ఒక్కోటి 440 టన్నులు. నాలుగు కొరియాలో, అయిదు యూరప్‌లో. వచ్చిన ముక్కల్లో పక్కపక్కన అతకాల్సిన అంచులు డ్రాయింగులో ఉన్న కొలతలకు సరిపోలేదు. మనిషి చేత్తో వెల్డు చేసేటట్లయితే ఎలాగో సర్దుకోవచ్చు. ఇక్కడ వెల్డు చేసేది ఆ సందు కొలతకే తయారు చేసిన యంత్రాలు. సందు మారితే వాటికి దారే ఉండదు. 2022 జనవరిలో ఫ్రాన్సు అణు భద్రతా సంస్థ కూడా బిగింపు పనికి బ్రేకు వేసింది. అయినా అదే ఏడాది మే నెలలో తొలి ముక్కను, దాని కవచం, రెండు తీగచుట్టలతో సహా, 1,300 టన్నుల పైచిలుకు బరువుతో గోతిలోకి దించారు. ఏడాది దాటాక, 2023 జులైలో మళ్లీ పైకి తీశారు. అంచు తక్కువైన చోట లోహం పేర్చి, ఎక్కువైన చోట చెక్కి సరిచేయడం మొదలుపెట్టారు.

2016 నాటి లెక్క ప్రకారం 2025కి తొలి ప్లాస్మా అనుకున్నారు. కోవిడ్ కొంత, ఈ మరమ్మతులు కొంత కలిసి 2024లో కొత్త లెక్క చెప్పారు: పరిశోధనలు మొదలయ్యేది 2034లో, అసలైన ఇంధనంతో (డ్యుటీరియం, ట్రిటియంతో) నడిపేది 2039లో. ఇందులో ఎవరినో తిట్టి లాభం లేదనుకుంటాను. తమ వంతులో ఎక్కువ భాగం డబ్బుగా కాకుండా విడిభాగాలుగా ఇవ్వాలన్నది భాగస్వాముల ఒప్పందం. అందరికీ విద్య అబ్బాలని అలా పెట్టుకున్నారు. ఆ ఏర్పాటుకు కట్టాల్సిన మూల్యం ముక్కకూ ముక్కకూ కలిసే అతుకు దగ్గర తేలింది.

మన వంతు కూడా అతుకుల పనే. యంత్రం మొత్తాన్ని మూసి ఉంచే శూన్యపు తొట్టి, క్రయోస్టాట్, గుజరాత్‌లోని హజీరాలో ఎల్ అండ్ టీ తయారు చేసింది. ఎత్తు, వ్యాసం రెండూ దాదాపు 29 మీటర్లు, బరువు 3,850 టన్నులు. అంత పెద్దది ఓడ ఎక్కదు కనుక 54 ముక్కలుగా పంపి, కడరాష్‌లోనే ఒక షెడ్డు కట్టుకుని అక్కడ అతికారు. 2020 మే నెలలో దాని అడుగుభాగం గోతిలోకి దిగింది.

ఇక తీగచుట్టలు. నయోబియం, తగరం కలిసిన అతివాహక పదార్థంతో చేసిన తీగ, మందం మిల్లీమీటరు కన్నా తక్కువ. మొత్తం పొడవు లక్ష కిలోమీటర్లు. ఈ ప్రాజెక్టుకు ముందు ఈ రకం తీగ ప్రపంచమంతా కలిపి ఏడాదికి 15 టన్నులే తయారయ్యేది. దీని కోసం 100 టన్నులకు పెంచాల్సి వచ్చింది. చిక్కేమిటంటే అతివాహక గుణం వచ్చాక ఈ పదార్థం పెళుసు. జంతికల పిండిని వేయించక ముందు ఎలా కావాలంటే అలా చుట్టొచ్చు, వేయించాక వంచితే విరుగుతుంది. ఇదీ అంతే. నయోబియం, తగరం విడివిడిగా ఉన్నప్పుడే తీగను చుట్టేసి, ఆ తర్వాత 650 డిగ్రీల కొలిమిలో సుమారు 200 గంటలు కాలుస్తారు. అప్పుడు అవి కలిసి అతివాహకం అవుతాయి. కాలిన చుట్టకు ఇంకా విద్యుత్ బంధకపు పట్టీ చుట్టాలి. పట్టీ ముందే చుడితే కొలిమిలో మాడిపోతుంది. అందుకని చుట్టలోని ఒక్కో వరుసను, విరగనంత మేరకే, కొద్దికొద్దిగా ఎడం చేస్తూ పట్టీ చుట్టి, ఉక్కు పలకలో చెక్కిన గాడిలోకి దింపుతారు. కాలినప్పుడు తీగ పొడవు కాస్త మారుతుంది. ఎంత మారుతుందో ముందే లెక్కగట్టి గాడి చెక్కాలి. తప్పితే తీగ గాడిలో కూర్చోదు. అలా తయారైన ఒక్కో చుట్ట ఎత్తు 17 మీటర్లు. అలాంటివి 18.

నడిమి స్తంభంలో ఉండే చుట్ట వేరే పాఠం నేర్పింది. అందులో కరెంటు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది కనుక తీగల మీద బలం వేల సార్లు పడి లేస్తుంది. స్విట్జర్లాండులో పరీక్షిస్తే తొలి నమూనా కేబులు పదేపదే నొక్కుడు పడేకొద్దీ క్షీణిస్తూ పోయింది. తీగల్ని పేనే మెలిక బిగువు పెంచితే సమస్య తీరింది. పదార్థం అదే, మార్చింది పేనే తీరు.

ఇంత భారీగా ఎందుకు, చిన్నగా కట్టకూడదా? కట్టొచ్చు. అయస్కాంత క్షేత్రాన్ని రెట్టింపు చేస్తే అదే ఘనపరిమాణంలో 16 రెట్లు శక్తి వస్తుందన్నది స్థూలమైన లెక్క. అమెరికాలో కామన్‌వెల్త్ ఫ్యూజన్ సిస్టమ్స్ అనే కంపెనీ 2021లో కొత్తరకం అతివాహక టేపుతో 20 టెస్లాల అయస్కాంతాన్ని పరీక్షించి, ఆ దారిలోనే స్పార్క్ అనే చిన్న రియాక్టరు కడుతోంది. మంచి దారే. కానీ యంత్రం చిన్నదైతే గోడా చిన్నదే. అదే వేడి తక్కువ చోటు మీద పడుతుంది.

ఆ గోడ సంగతి వేరే కథ. ఇటర్ లోపలి ప్లాస్మాలో ఇంధనం ఒక గ్రాము కూడా ఉండదు. గోడకు తగిలితే క్షణంలో చల్లారిపోతుంది. కాబట్టి పేలుళ్ల భయం లేదు. కానీ చల్లారే ఆ కొన్ని మిల్లీసెకన్లలో తన వేడినంతా ఒక్కచోట దించేస్తే గోడ కరగడానికి అది చాలు. అందుకే ప్లాస్మా అదుపు తప్పుతున్నట్టు కనిపించగానే గడ్డకట్టిన హైడ్రోజన్, నియాన్ గుళికలను ముక్కలు చేసి లోపలికి చిమ్మే ఏర్పాటు పెడుతున్నారు. వేడి నలుమూలలా పంచుకుపోతుంది. అన్నీ సజావుగా ఉన్నప్పుడు కూడా అడుగున బూడిద (ఫ్యూజన్‌లో మిగిలే హీలియం) బయటికి పోయే దారిలో చదరపు మీటరుకు 10 మెగావాట్ల వేడి పడుతుంది. అక్కడ టంగ్‌స్టన్ లాంటిదే నిలుస్తుంది. మిగతా గోడకు మొదట బెరీలియం అనుకున్నారు. అది తేలిక, ప్లాస్మాలో కలిసినా పెద్దగా చెడగొట్టదు. కానీ 1,287 డిగ్రీలకే కరుగుతుంది, దాని ధూళి విషం. 2024 ప్రణాళికలో అక్కడా టంగ్‌స్టనే అన్నారు. దాంతో ఇంకో బెడద: బరువైన టంగ్‌స్టన్ పరమాణువులు కాసిని ప్లాస్మాలోకి జారినా దాని వేడిని వెలుగు రూపంలో బయటికి లాగేస్తాయి.

ఇంధనంలో ఒక సగం, డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్, మనకు పరాయిది కాదు. గోదావరి పక్కన మణుగూరు ప్లాంటులో తయారయ్యే భారజలంలో ఉన్నది అదే. నీటిలో సుమారు 6,400 హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి చొప్పున దొరుకుతుంది. కరువు రాదు. రెండో సగం, అంతకన్నా బరువైన ట్రిటియం, ప్రకృతిలో దాదాపు లేదు. భారజలం వాడే అణు రియాక్టర్లలో డ్యుటీరియం న్యూట్రాన్‌ను మింగి కొద్దికొద్దిగా ట్రిటియం అవుతుంది, ప్రపంచ నిల్వలో ఎక్కువ భాగం అలా కెనడాలో పోగైందే. ఆ నిల్వ కొన్ని పదుల కిలోలు. 12.3 ఏళ్లకు సగం కరిగిపోతుంది. వెయ్యి మెగావాట్ల ఫ్యూజన్ ఏడాది పొడుగునా నడిస్తే దాదాపు 55 కిలోలు కావాలి. కనుక రియాక్టరే తన ట్రిటియాన్ని గోడ వెనక పరిచిన లిథియంలో పండించుకోవాలి. ఒక చర్యకు పుట్టేది ఒక్క న్యూట్రాన్, అది ఒక్క ట్రిటియం పరమాణువును పుట్టించాలి. దారిలో కొన్ని న్యూట్రాన్లు ఉక్కులో పోతాయి. ఆ లోటు పూడ్చడానికి సీసమో బెరీలియమో కలిపి న్యూట్రాన్లను పెంచుకోవాలి. ఈ పంట ఏ రియాక్టరులోనూ ఇంతవరకు పూర్తిస్థాయిలో పండలేదు. నా దృష్టిలో ఇప్పుడున్న అడ్డంకులన్నిటిలో పెద్దది ఇదే.

ఆ న్యూట్రాన్ ఇంకో పని కూడా చేస్తుంది. ఫ్యూజన్ శక్తిలో అయిదింట నాలుగు వంతులు మోసుకుపోయేది అదే. విద్యుదావేశం లేదు కాబట్టి అయస్కాంతం దాన్ని ఆపలేదు. నేరుగా ఉక్కులోకి దూసుకెళ్లి పరమాణువులను చోటు తప్పిస్తుంది, కొన్నింటిని వేరే మూలకాలుగా మారుస్తుంది, లోహం లోపలే హీలియం బుడగలు పుట్టిస్తుంది. ఉక్కు ఉబ్బుతుంది, పెళుసవుతుంది, రేడియోధార్మికమూ అవుతుంది. అసలైన ఇంధనంతో నడిపాక ఇటర్ లోపలికి మనిషి అడుగు పెట్టలేడు. 440 గోడ పలకలను, ఒక్కోటి నాలుగున్నర టన్నుల దాకా ఉన్నవాటిని, దూరం నుంచి యంత్రపు చేతులతోనే మార్చాలి.

ధార్మికత త్వరగా తగ్గే ఉక్కు కోసం అన్ని దేశాలూ ప్రయత్నిస్తున్నాయి. మన దేశపు రకాన్ని కల్పాక్కంలోని ఇందిరా గాంధీ అణు పరిశోధన కేంద్రం రూపొందిస్తే, దాన్ని కరిగించి పోసింది హైదరాబాదులోని మిశ్ర ధాతు నిగమ్, మన మిధాని. మామూలు ఉక్కులో కలిపే మాలిబ్డినం, నయోబియం న్యూట్రాన్లు తగిలితే చాలాకాలం ధార్మికంగా ఉండిపోతాయి. వాటి బదులు టంగ్‌స్టన్, టాంటలం కలిపారు. ఇలాంటి ఉక్కు పదేళ్లపాటు ఫ్యూజన్ న్యూట్రాన్ల కింద ఎలా ప్రవర్తిస్తుందో చూడ్డానికి, అంత ఉధృతంగా ఆ న్యూట్రాన్లనిచ్చే యంత్రమే ఎక్కడా లేదు. దాని కోసమే స్పెయిన్‌లో గ్రెనడా దగ్గర ఒక కేంద్రం కడుతున్నారు. అక్కడ డ్యుటీరియం కేంద్రకాల పుంజం ప్రవహించే ద్రవ లిథియాన్ని ఢీకొని న్యూట్రాన్లను పుట్టిస్తుంది. ఆ ఫలితాలు వచ్చేదాకా, ఇటర్ తర్వాతి రియాక్టర్ల గోడలు గీస్తున్నవాళ్లు మామూలు అణు రియాక్టర్లలో కాల్చి చూసిన ఉక్కు ముక్కల లెక్కలనే ముందు పెట్టుకుని గీస్తున్నారు.