ఈతకొలను నీరు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కొలను దగ్గర క్లోరిన్ వాసన ఘాటుగా వస్తోందంటే క్లోరిన్ ఎక్కువైనట్టే.

వాస్తవం: నేను తరచుగా వినే మాట ఇది, ఎక్కువ చేటు చేసేదీ ఇదే. ఆ ఘాటు క్లోరామిన్లది. చెమట, మూత్రం వంటి వాటితో క్లోరిన్ కలిసినప్పుడు అవి పుడతాయి. కళ్లు మండటానికీ చాలావరకు అవే కారణం. వాసన వచ్చిందని క్లోరిన్ ఆపేస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. పరీక్షలో వచ్చిన మొత్తం క్లోరిన్ అంకెలోంచి స్వేచ్ఛా క్లోరిన్ (దేనితోనూ కలవకుండా మిగిలిన క్లోరిన్) అంకెను తీసేస్తే మిగిలేది క్లోరామిన్ల లెక్క. అది 0.4 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో చెప్పే కొలత) దాటితే షాక్ ట్రీట్‌మెంట్ చేయాలి, అంటే ఒకేసారి ఎక్కువ మోతాదులో క్లోరిన్ వేయాలి.

అపోహ: స్వేచ్ఛా క్లోరిన్ 2 పీపీఎం ఉంది, ఇక భయం లేదు.

వాస్తవం: పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) ఎంతో చూశారా? క్రిములను చంపేది ప్రధానంగా క్లోరిన్ నీటిలో కలిసినప్పుడు ఏర్పడే హైపోక్లోరస్ ఆమ్లం. స్టెబిలైజర్ (ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడే రసాయనం) కలపని నీటిలో, పీహెచ్ 7.5 దగ్గర ఉంటే స్వేచ్ఛా క్లోరిన్‌లో దాదాపు సగం ఆ రూపంలో ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే పావు వంతే. అందుకే 7.2 - 7.8 హద్దు. ఆ పీహెచ్ నిలకడగా ఉండాలంటే ఆల్కలినిటీ (నీటిలోని క్షారాల మోతాదు) 80 - 120 పీపీఎం ఉండాలి. అది తగ్గితే వంటసోడా వేయండి, సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వద్దు. సోడా యాష్ పీహెచ్‌ను ఒక్కసారిగా పైకి లేపుతుంది.

అపోహ: ట్రైక్లోర్ అనే క్లోరిన్ బిళ్లలు వేస్తూ పోతే చాలు.

వాస్తవం: బిళ్లలు వాడవద్దని నేను అనను. కానీ కరిగే ప్రతి బిళ్లా నీటిలో సయనూరిక్ ఆమ్లాన్ని వదులుతుంది. స్టెబిలైజర్ అనేది దీన్నే. 30 - 50 పీపీఎం వరకు అది ఎండ నుంచి క్లోరిన్‌ను కాపాడుతుంది. అంతకు మించి పేరుకుంటే క్లోరిన్ పనిని మందగింపజేస్తుంది. నీటితో పాటు ఆవిరైపోదు కూడా. కొంత నీరు తీసేసి కొత్త నీరు నింపడమే తేలికైన దారి.

అపోహ: ఉప్పు నీటి కొలనులో క్లోరిన్ ఉండదు.

వాస్తవం: ఉంటుంది. యంత్రం ఆ ఉప్పు నుంచే విద్యుత్తుతో క్లోరిన్ తయారు చేస్తుంది. అక్కడ పీహెచ్ పెరుగుతూ ఉంటుంది కాబట్టి పరీక్ష మానకూడదు.

అపోహ: నీరు తేటగా ఉంటే శుభ్రంగా ఉన్నట్టే.

వాస్తవం: క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి తగినంత క్లోరిన్ ఉన్న నీటిలోనూ వారానికి పైగా బతకగలదు. విరేచనాలు అవుతున్న పిల్లలను దయచేసి కొలనులోకి దించకండి.

అపోహ: ఏ క్లోరిన్ అయినా ఒకటే, మిగిలిపోయిన రకాలన్నీ కలిపి వేసేయవచ్చు.

వాస్తవం: ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ట్రైక్లోర్, కాల్షియం హైపోక్లోరైట్ అనే మరో రకం క్లోరిన్ కలిస్తే మంట, పేలుడు, విషవాయువు ప్రమాదం ఉంది. ఒకదాని గరిటెను మరోదానికి వాడకండి. పీహెచ్ తగ్గించడానికి వాడే ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు నీటిలోకే ఆమ్లం పోయండి, ఆమ్లంలోకి నీరు పోయకండి.