నడుం "జారిందా"? మిర్చి యార్డు బెంచీ మీద వినపడే అపోహలు

గుంటూరు మిర్చి యార్డులో సీజను ముదిరితే మా ఫిజియోథెరపీ క్లినిక్‌లోనూ సీజనే. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలు, కమిషన్ కొట్లలో పద్దులు రాసే గుమాస్తాలు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. మాట కూడా ఒకటే: "తగ్గినట్టే తగ్గి మళ్లీ పట్టేసిందండీ."

అపోహ: నడుం నొప్పంటే డిస్కే (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త).

ఎక్కడ నొప్పి అంటే కొందరు అరచేత్తో నడుమంతా తడుముతారు. కొందరు మాత్రం ఒక్క వేలితో, పిరుదు పైన సొట్ట పడే చోట, ఒక పక్కనే పొడిచి చూపిస్తారు. మళ్లీ అడిగినా వేలు అక్కడికే. అప్పుడు నాకు ఎస్‌ఐ జాయింట్ మీద అనుమానం. వెన్ను అడుగున ఉండే త్రికాస్థి, తుంటి ఎముక కలిసే కీలది. కుర్చీలోంచి లేచేటప్పుడు, మంచం మీద పక్కకి తిరిగేటప్పుడు కలుక్కుమంటుంది. వేలొక్కటే చాలదు. కీలుని రకరకాలుగా నొక్కి చూసే పరీక్షల్లో కనీసం మూడింటికి అదే నొప్పి రావాలి.

"ఎమ్మారైలో డిస్క్ ఉబ్బిందని రాశారుగా?" అంటారు. నొప్పే లేనివాళ్ల స్కానుల మీద 2015లో వచ్చిన సమీక్ష చూస్తే, 20 ఏళ్ల వాళ్లలోనే నూటికి 30 మందికి ఆ ఉబ్బుంది. 80 ఏళ్లకి 84 మందికి.

అపోహ: కీలు జారింది, ఒక్క దెబ్బతో ఎక్కించెయ్యొచ్చు.

మా మేనత్త ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్లు కాలితో తంతే పట్టేసిన నడుం వదులుతుందని నమ్మకం. ఊళ్లో సగం నడుములు ఆవిడ పాదం రుచి చూసినవే! కానీ మోకుల్లాంటి లిగమెంట్లు బిగించి పట్టుకున్న ఈ కీలు కదిలేదే రెండు మూడు డిగ్రీలు. పెద్ద యాక్సిడెంటు అయితే తప్ప జారదు. టక్కుమన్నాక హాయిగా ఉంటుంది, నిజమే. కండరాలు కాసేపు సడలుతాయి. బలం మాత్రం పెరగదు, అందుకే నొప్పి మళ్లీ వస్తుంది.

అపోహ: మంచం దిగకూడదు, బెల్టు తియ్యకూడదు.

ఒకటి రెండు రోజులు నెమ్మదిస్తే చాలు. ఎనిమిది నెలలు బెల్టు విప్పని ఒక హమాలీ మొదటిరోజు వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకి లేపమంటే నాలుగోసారికే వణికిపోయాడు. పిరుదుల్లో పట్టు లేదు. పదికి చేరాక ఇసుక సంచీ, ఆ తర్వాతే టిక్కీ. మర్నాడు పొద్దున నొప్పి పెరిగిందా లేదా, అదే మా కొలబద్ద. గర్భిణులకీ బాలింతలకీ బెల్టు కొంత మేలే, అయితే నడుముకి కాదు, కిందికి, తుంటి చుట్టూ కట్టాలి.

అపోహ: గోంగూర, వంకాయ వాతం.

తినండి.

రెండు సంగతుల్లో నేను ఆగను. నలభై ఐదు లోపు వయసు, మూడు నెలలకి పైగా నొప్పి, పొద్దున అరగంట దాటి బిగుసుకుపోవడం, పడుకుంటే పెరిగి తిరిగితే తగ్గడం ఉంటే రుమటాలజిస్టుకి (కీళ్లవాతం డాక్టరుకి) రాసిస్తాను. మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా నా బెంచీ మీద కూర్చోవద్దు. ఆ పూటే జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) ఎమర్జెన్సీకి వెళ్లండి.