పొట్ట తగ్గింది, నీళ్లు తగ్గకూడదు

బరువు తగ్గే సర్జరీ చేయించుకున్నవారు కనిపిస్తే అందరూ ముందుగా అడిగేది ఎన్ని కిలోలు తగ్గారని. వాళ్లూ సంతోషంగానే చెబుతారు. షుగర్ మాత్ర తగ్గిందని, మెట్లు ఎక్కితే ఆయాసం రావడం లేదని చెబుతారు. నాలుగు రోజులుగా మోషన్ కాలేదన్న మాట మాత్రం ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోరు. హనుమకొండలోనో, జనగామలోనో, మంచిర్యాలలోనో ఉంటూ హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకున్నవారికి ఇది మరీ ఇబ్బంది. ఇంత చిన్న విషయానికి అంత దూరంలో ఉన్న డాక్టర్‌కు ఫోన్ చేయడమేమిటని ఊరుకుంటారు. చివరికి ఎవరో చెప్పిన సునాముఖి కషాయమో, మందుల షాపులో ఇచ్చిన మాత్రో మింగి రాత్రంతా అవస్థ పడతారు. నిజానికి ఇది మొదటి వారంలోనే అడగవలసిన విషయం. ఆపరేషన్‌కు ముందే చెప్పి పంపవలసిన విషయం కూడా.

మన దగ్గర ఎక్కువగా చేసే ఆపరేషన్ స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. జీర్ణాశయం బయటి వంపు వైపు నుంచి 75 నుంచి 80 శాతం వరకు కోసి తీసేస్తారు. లీటరుకు పైగా పట్టే సంచి 100 నుంచి 150 మిల్లీలీటర్లు పట్టే సన్నని గొట్టంగా మిగులుతుంది. పేగుల జోలికి పోరు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన దాదాపు 30 మిల్లీలీటర్ల చిన్న సంచి చేసి, దాన్ని చిన్న పేగులో మరికొంత కిందికి కలుపుతారు. పేగు మొదటి భాగానికి ఆహారం తగలదు. మినీ బైపాస్ అనే పద్ధతిలో దాటేసే పేగు పొడవు సాధారణంగా 150 నుంచి 200 సెంటీమీటర్లు ఉంటుంది. ఎంత పేగును దాటేస్తే మలం అంత పలుచబడే అవకాశం ఉంటుంది. అందుకే స్లీవ్ తర్వాత మలబద్ధకం, బైపాస్ తర్వాత పలుచని విరేచనాలు ఎక్కువగా వినిపిస్తాయి. అయినా మొదటి నెలల్లో మలబద్ధకం ఏ ఆపరేషన్ తర్వాతనైనా రావచ్చు.

ముందుగా ఒక భయం తీరాలి. రోజూ మోషన్ కాకపోవడమే జబ్బు కాదు. ఆరోగ్యవంతుల్లో రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఏదైనా మామూలే. ఆపరేషన్ తర్వాత మొదటి రెండు వారాలు ద్రవాలే తాగుతారు. ఆ తర్వాత కొన్ని వారాలు మెత్తగా చేసినవి నాలుగు చెంచాలు. లోపలికి వెళ్లేదే ఇంత తక్కువైతే బయటికి వచ్చేదీ తక్కువే ఉంటుంది. పైగా మత్తుమందు, ట్రమడాల్ వంటి నొప్పి మందులు, వాంతులు రాకుండా ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ పేగు కదలికను మందగింపజేస్తాయి. ఆపరేషన్ తర్వాత పేగుల్లో పెరిగే పెప్టైడ్ వైవై అనే హార్మోను ఆకలిని తగ్గించడంతో పాటు పేగు నడకనూ నెమ్మది చేస్తుంది. కాబట్టి మొదటి మోషన్‌కు మూడు నాలుగు రోజులు పట్టినా, గ్యాస్ పోతూ ఉండి, కడుపు మెత్తగా ఉండి, వాంతులు లేకపోతే కంగారు పడనవసరం లేదు.

రోజుల లెక్క కంటే మలం తీరు చూసుకోవడం మేలు. 1997లో బ్రిటన్‌లోని బ్రిస్టల్ వైద్యులు మలాన్ని ఏడు రకాలుగా విభజిస్తూ ఒక పట్టిక ప్రచురించారు. ఇప్పటికీ ప్రపంచమంతా వాడేది అదే. విడివిడిగా గట్టి పెంటికలు కడితే మొదటి రకం, నీళ్లలా పోతే ఏడో రకం. మూడు, నాలుగు రకాలు సాఫీగా జారిపోయేవి. రెండు రోజులకు ఒకసారి వెళ్లినా నాలుగో రకమే అయితే మీకు మలబద్ధకం లేనట్టే. రోజూ వెళ్తున్నా ముక్కి ముక్కి పెంటికలే వస్తుంటే ఉన్నట్టే.

ఇక అసలు సంగతి నీళ్లది. మనం తాగేదీ తినేదీ కలిపి రోజుకు దాదాపు రెండు లీటర్ల నీరు లోపలికి వెళ్తుంది. లాలాజలం, జీర్ణరసాలు, పైత్యరసం, క్లోమరసం రూపంలో శరీరమే మరో ఏడు లీటర్లు పేగులోకి వదులుతుంది. ఈ తొమ్మిది లీటర్లలో చాలా భాగాన్ని చిన్న పేగు మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటుంది. పెద్ద పేగుకు చేరేది ఒకటిన్నర లీటర్లు. అందులోనూ బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండి అలుగు పోస్తేనే కింది చెరువుకు నీరు దిగినట్టు, పైవాటి అవసరం తీరాకే చివరిదానికి వాటా దక్కుతుంది. ఆ వరుసలో చివరిది పెద్ద పేగు. మామూలు మలంలో ముప్పావు వంతు నీళ్లే. నీళ్లు చాలనప్పుడు శరీరం ఆల్డోస్టెరాన్ అనే హార్మోనును ఎక్కువగా విడుదల చేస్తుంది. అది మూత్రపిండాలతో పాటు పెద్ద పేగుతో కూడా ఉప్పునూ నీటినీ వెనక్కు లాగిస్తుంది. రక్తపోటు పడిపోకుండా కాపాడే ఏర్పాటు ఇది. దాని ధర మలం చెల్లిస్తుంది, ఎండి గట్టిపడుతుంది.

మరి ఎక్కువ తాగితే సరిపోతుంది కదా అంటారు ఇంట్లోవాళ్లు. ఆపరేషన్ అయిన మనిషికి అదే కష్టం. వరంగల్‌లో ఉంటూ బడిలో పాఠాలు చెప్పే ఒక టీచరమ్మను ఊహించుకుందాం. స్లీవ్ అయి రెండు నెలలైంది. డాక్టర్ రోజుకు కనీసం లీటరున్నర తాగమన్నారు. తినేటప్పుడు తాగకూడదన్నారు, తిన్నాక అరగంట ఆగమన్నారు. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా 16 గంటలు. చిన్న చిన్న భోజనాలు ఐదు, ఒక్కోదానికి నమలడానికి అరగంట, ఆ తర్వాత ఆగడానికి అరగంట. అవే ఐదు గంటలు. మిగిలింది 11 గంటలు. లీటరున్నరను ఆ గంటలకు పంచితే గంటకు 136 మిల్లీలీటర్లు, అంటే 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసులో మూడింట రెండు వంతులు. ఒక్కసారిగా ఎత్తి తాగితే ఛాతీలో పట్టేసినట్టవుతుంది. ఏడెనిమిది చిన్న గుక్కలుగా గంట పొడవునా తాగాలి. క్లాసులో వరుసగా మూడు పీరియడ్లు చెప్పి, సీసా స్టాఫ్ రూములో వదిలేస్తే మధ్యాహ్నానికి దాదాపు మూడు వందల మిల్లీలీటర్లు తగ్గిపోతాయి. మళ్లీ పూడ్చుకోవడానికి చోటు లేదు, పొట్ట పట్టదు. మే నెలలో వరంగల్, రామగుండం ప్రాంతాల్లో ఎండ 43, 44 డిగ్రీలు దాటే రోజుల్లో చెమటకే పోయే నీరు ఇంకా ఎక్కువ. అప్పుడు లక్ష్యం రెండు లీటర్లకు పెంచుకోవలసి వస్తుంది. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, తేటగా చేసిన రాగి అంబలి, బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు ఈ లెక్కలోకే వస్తాయి. సోడా, కూల్‌డ్రింకులు రావు. దాహం వేశాక తాగుదామంటే ఆలస్యమైనట్టే. మూత్రం లేత పసుపులో ఉందా, చిక్కబడిందా అన్నది మంచి గుర్తు.

ఆడవాళ్ల విషయంలో ఇంకొకటి చెప్పాలి. బడిలో, బస్టాండులో, మార్కెట్‌లో శుభ్రమైన మరుగుదొడ్డి దొరకదని నీళ్లే తాగరు. మోషన్ వచ్చినట్టనిపించినా ఇంటికెళ్లేదాకా ఆపుకుంటారు. ఆపుకున్న కొద్దీ పెద్ద పేగు మరింత నీరు లాగేస్తుంది, ఆ పిలుపు కూడా మెల్లగా మొద్దుబారుతుంది. తక్కువ తినే మనిషికి ఈ పిలుపు అసలే బలహీనంగా ఉంటుంది. ఎప్పుడొస్తే అప్పుడు వెళ్లగలిగే వీలు కల్పించడం కుటుంబం, పనిచేసే చోటు చేయవలసిన పని. రోగి సిగ్గు మీద తోసేసి వదిలేయకూడదు.

మందుల డబ్బా దగ్గరికి వద్దాం. ఆపరేషన్ తర్వాత ఐరన్, కాల్షియం, బి12, డి విటమిన్ ఏళ్ల తరబడి, చాలావరకు జీవితాంతం వాడాలి. ఐరన్ మాత్రలో శరీరం పీల్చుకోగా మిగిలింది పేగులోనే ఉండి మలాన్ని గట్టిపరుస్తుంది, నల్లగా మారుస్తుంది. ఇది చూసి చాలామంది ఐరన్ మానేస్తారు. అది పెద్ద తప్పు. తెలంగాణ మహిళల్లో సగానికి పైగా రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. బైపాస్‌లో దాటేసే పేగు మొదటి భాగమే ఐరన్‌ను ఎక్కువగా పీల్చుకునే చోటు. అలాంటివారు మాత్ర మానేస్తే ఏడాది తిరిగేలోగా హిమోగ్లోబిన్ పడిపోయే ప్రమాదం ఉంది. మానడానికి బదులు డాక్టర్‌ను అడిగితే ఐరన్ రకం మారుస్తారు, రోజు విడిచి రోజు వేసుకోమంటారు, అవసరమైతే సెలైన్ ద్వారా ఎక్కిస్తారు. కాల్షియం విషయంలో కార్బొనేట్ కంటే సిట్రేట్ మేలు. అది జీర్ణాశయంలో ఆమ్లం తక్కువగా ఉన్నా ఒంటబడుతుంది, దానివల్ల మలబద్ధకమూ తక్కువగా వస్తుంది. ఐరన్, కాల్షియం మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్‌తో టీ తాగకూడదు.

ప్రొటీన్ రోజుకు కనీసం 60 గ్రాములు కావాలంటారు. అది నిజమే. ఆ అంకె అందుకోవాలని గుడ్లు, చికెన్, ప్రొటీన్ పొడి చుట్టూనే రోజంతా తిరిగితే పీచుకు చోటుండదు. మెత్తని ఆహారం దశ దాటాక బీరకాయ, సొరకాయ, తోటకూర, గంగవాయిలి కూర పప్పుతో కలిపి మెత్తగా ఉడికించుకోవచ్చు. పెసరపప్పు, బాగా పండిన బొప్పాయి, గింజలు తీసిన జామ కొద్దికొద్దిగా మొదలుపెట్టవచ్చు. జొన్నరొట్టె ఇంకొంత ఆగి, పప్పులో నానబెట్టి, బాగా నమిలి తినాలి. కమలా, బత్తాయి తొనల పొరలు, పీచుగా ఉండే పచ్చి కూరముక్కలు నమలకుండా మింగితే సన్నబడిన దారిలో ఉండగట్టి అడ్డుపడవచ్చు. ఇసబ్‌గోల్ మంచిదే, నీళ్లు తక్కువైతే మాత్రం అదే చిక్కబడి ఇరుక్కుంటుంది. కాబట్టి మొదటి వారాల్లో దాని జోలికి పోవద్దు. ఆ తర్వాత డాక్టర్ చెప్పిన మోతాదులో, తగినంత నీటితో తీసుకోవాలి.

ఇంత చేసినా సాఫీగా కాకపోతే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి, లాక్టులోజ్ సిరప్ వంటివి డాక్టర్లు రాస్తారు. ఇవి పేగులో నీటిని నిలిపి ఉంచి మలాన్ని మెత్తబరుస్తాయి. రోజుల తరబడి వాడినా భయం లేదు. ఆముదం, సునాముఖి వంటి గట్టి విరేచనకారులు ఇంటి వైద్యంగా వేసుకుంటే మాత్రం అసలే చాలని నీరు ఇంకా పోయి కళ్లు తిరిగి పడిపోతారు. రోజూ నడవాలి. కమోడ్ వాడేవారు పాదాల కింద చిన్న పీట వేసుకుని మోకాళ్లు ఎత్తుగా ఉంచితే, గొంతుకూర్చున్నప్పటిలాగే మలమార్గం వంపు తగ్గి ముక్కే పని తగ్గుతుంది. ముక్కడం వల్ల చీలిక వచ్చి రక్తం పడితే మొలలని మీరే తేల్చేసుకుని బోర్డు చూసి ఎక్కడికో వెళ్లకండి. సర్జన్‌కు చూపించండి.

కొందరికి సమస్య దీనికి పూర్తిగా ఎదురు. బైపాస్ తర్వాత సద్దుల బతుకమ్మ నాడు మలీద ముద్ద ఒకటి నోట్లో వేసుకుంటే పది నిమిషాల నుంచి అరగంటలోగా చెమటలు, గుండె దడ, కడుపులో మెలి, విరేచనం రావచ్చు. తీపి ఒక్కసారిగా చిన్న పేగులోకి దిగి నీటిని లాగడం వల్ల ఇలా అవుతుంది, దీన్ని డంపింగ్ అంటారు. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి వణుకు రావడం దాని రెండో రూపం. పాలు తాగితే విరేచనాలవడం ఆపరేషన్ తర్వాతే బయటపడవచ్చు. పాలలోని లాక్టోజ్ అరగని తత్వం దక్షిణాదిలో ఎక్కువే. అలాంటివారికి పాలకంటే పెరుగు పడుతుంది, ప్రొటీన్ పొడిలో లాక్టోజ్ దాదాపుగా తీసేసిన వే ఐసొలేట్ రకం నయం. షుగర్ ఫ్రీ మిఠాయిల్లోని సార్బిటాల్, మాల్టిటాల్ కూడా విరేచనకారులే. మలం జిడ్డుగా తేలుతూ భరించలేని వాసన వస్తుంటే కొవ్వు అరగడం లేదని అర్థం. ఎ, డి, ఇ, కె విటమిన్లు కూడా దాంతో పాటే పోతున్నాయి కాబట్టి పరీక్షలు చేయించాలి.

ఇక ఆలస్యం చేయకూడనివి. ఐరన్ వల్ల వచ్చే నలుపు గట్టి మలంలో కనిపిస్తుంది. తారులా జిగటగా, ఘాటైన వాసనతో నల్లని విరేచనమైతే అది లోపలి రక్తస్రావం. బైపాస్ అయినవారు మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు వేసుకుంటే కలిపిన చోట పుండు పడి ఇలా జరగవచ్చు. ఊళ్లో ఎవరు సూది వేయబోయినా మీకు గ్యాస్ట్రిక్ బైపాస్ అయిందని ముందే చెప్పండి. రెండోది, బాగా బరువు తగ్గాక, నెలలకో ఏళ్లకో, బొడ్డు చుట్టూ ఉండుండి మెలిపెట్టే నొప్పి, వాంతులు, గ్యాస్ కూడా పోకపోవడం. బైపాస్ అయినవారిలో కడుపు లోపలి సందులో పేగు ఇరుక్కుంటే ఇలా అవుతుంది. దీన్ని మలబద్ధకమనుకుని ఎనిమా ఇప్పించుకుంటూ రాత్రి గడపకూడదు. స్కానింగ్, సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెంటనే వెళ్లాలి. ఆపరేషన్ పేరు రాసిన డిశ్చార్జ్ కాగితం ఫొటో ఫోన్‌లో ఉంటే అక్కడి డాక్టర్‌కు సగం పని తప్పుతుంది.

మామూలు మలబద్ధకానికైనా ఫోన్ చేయడానికి వెనకాడకండి. చేసినప్పుడు ఇవి చెప్పండి: చివరిసారి ఎప్పుడైంది, ఎలా ఉంది, గ్యాస్ పోతోందా, వాంతి ఉందా, నిన్న ఉదయం నుంచి ఎన్ని గ్లాసులు తాగారు, ఏయే మాత్రలు వేసుకుంటున్నారు. ఈ వివరాలుంటే డాక్టర్ ఫోన్‌లోనే చాలావరకు తేల్చగలరు.