పరాన్నజీవిలో వైరస్ ఉంటే మనకేం? అపోహలు - వాస్తవాలు

పరాన్నజీవులకూ వైరస్‌లు ఉంటాయని క్లాసులో చెబితే పిల్లలు నమ్మలేనట్టు చూస్తారు. నమ్మినవాళ్లు కూడా ఆ వెంటనే ఏదో ఒక తప్పు నిర్ణయానికి వచ్చేస్తారు. నేను తరచూ వినేవి ఇవి.

అపోహ: వైరస్ పట్టిన పరాన్నజీవి నీరసిస్తుంది, అది మనకు మేలే.

దక్షిణ అమెరికాలో ఇసుక ఈగ కుడితే సోకే లీష్మానియా గయానెన్సిస్ అనే పరాన్నజీవిని చూడండి. దాని కొన్ని రకాల్లో ఎల్‌ఆర్‌వీ1 అనే వైరస్ కాపురం ఉంటుంది. ఆ వైరస్ జన్యు పదార్థం రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ, పొడవు సుమారు 5,300 జన్యు అక్షరాల జతలు. పరాన్నజీవి నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏలో ఒంటి పోగు ఆర్‌ఎన్‌ఏను కోసేసే ఎంజైమ్ వేసి, తర్వాత ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద నడిపితే మిగతాదంతా చెరిగిపోయి ఈ ఒక్క గీత నిలిచి మెరుస్తుంది. ఆ గీత ఉన్న పరాన్నజీవి ఏమీ నీరసపడదు. 2011లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్ శాస్త్రవేత్తలు చూపించింది దీనికి పూర్తిగా వ్యతిరేకం: వైరస్ ఎక్కువగా ఉన్న రకం ఎక్కించిన చిట్టెలుకల్లో పాదం వాపూ ఎక్కువే, పరాన్నజీవుల సంఖ్యా ఎక్కువే.

అపోహ: అయితే ఆ వైరస్ మనకు సోకుతుందన్నమాట.

కాదు. ఎల్‌ఆర్‌వీ1 మన కణాల్లో పెరిగే వైరస్ కాదు. మాక్రోఫేజ్ (క్రిములను మింగే రోగనిరోధక కణం) మింగిన పరాన్నజీవుల్లో కొన్ని అక్కడే చస్తాయి, వాటిలోని వైరస్ ఆర్‌ఎన్‌ఏ బయటపడుతుంది. ఆ మింగిన సంచుల గోడల్లోనే టీఎల్‌ఆర్3 అనే, వైరస్ ఆనవాళ్లను పసిగట్టే ప్రోటీన్ కాపలా కాస్తుంటుంది. రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ తగలగానే గంట కొడుతుంది.

అపోహ: గంట మోగడం మంచిదేగా, రోగనిరోధక శక్తి ఎంత గట్టిగా స్పందిస్తే అంత త్వరగా నయమవుతుంది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టే అపోహ ఇది. గంట మోగింది వైరస్ వచ్చిందని, లోపల ఉన్నదేమో లీష్మానియా. ఇంటర్‌ఫెరాన్, టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 అనే రోగనిరోధక సంకేత ప్రోటీన్లు పోటెత్తుతాయి. కానీ పరాన్నజీవిని అణచడానికి పనికొచ్చే ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ఏర్పాటును అదే టీఎల్‌ఆర్3 సంకేతం నొక్కేస్తుంది. వాపు పెరుగుతుంది, శత్రువు బతికిపోతుంది.

దక్షిణ అమెరికా లీష్మానియా జాతుల వల్ల కొందరిలో చర్మం మీద పుండు మానిన నెలలకో ఏళ్లకో ముక్కు లోపలి పొర, అంగిలి తినేసుకుపోతాయి. అక్కడి చిన్న ముక్క తీసి మైక్రోస్కోప్ కింద పెడితే పరాన్నజీవులు వెతికితే ఒకటీ అరా దొరుకుతాయి. తెల్ల రక్తకణాలు మాత్రం కిక్కిరిసి ఉంటాయి. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. టీఎల్‌ఆర్3 లేని చిట్టెలుకల్లో పాదం వాపు తగ్గింది. ఫ్రెంచ్ గయానా, పెరూ, బొలీవియా రోగుల మీద 2016లో వచ్చిన అధ్యయనాల్లో, ఈ వైరస్ ఉన్న పరాన్నజీవి సోకినవాళ్లలో మందు పనిచేయకపోవడం ఎక్కువగా కనిపించింది. తీవ్రత విషయంలో అన్ని అధ్యయనాలూ ఒకే మాట చెప్పడం లేదు, అదీ గుర్తుంచుకోవాలి.

అపోహ: బీహార్ కాలా అజార్‌లోనూ ఇదే జరుగుతుంది.

కాదు. కాలా అజార్ కూడా లీష్మానియా వల్ల వచ్చే జబ్బే, కానీ దాని వెనుక ఉన్నది 1903లో మద్రాసులో డాక్టర్ డోనవాన్ చూసిన జాతి, లీష్మానియా డోనోవానీ. అది వేరు. దక్షిణ అమెరికా జాతుల ఫలితాలను తెచ్చి దీనికి అంటించకూడదు.

అపోహ: మందుతో పరాన్నజీవి చస్తే కథ ముగిసినట్టే.

లైంగికంగా సోకే ట్రైకోమోనాస్ వెజైనాలిస్ అనే పరాన్నజీవి విషయంలో అలా జరగకపోవచ్చు. తెల్లబట్ట శాంపిల్‌ను సెలైన్ చుక్కలో కలిపి వెంటనే చూస్తే అది కుదుపులు కుదుపులుగా కదులుతుంది, స్లైడ్ చల్లారితే కదలిక ఆగిపోతుంది. దీనిలోనూ చాలా రకాలకు రెండు పోగుల ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు ఉంటాయి. దానికి వాడే మందు మెట్రోనిడజోల్‌తో అది చచ్చినప్పుడు లోపలి వైరస్‌లు బయటపడి, యోని కణాల్లో టీఎల్‌ఆర్3 ద్వారా వాపును ఇంకా పెంచగలవని 2012లో ప్రయోగశాలలో తేలింది. ఆ వైరస్‌ల మీద మెట్రోనిడజోల్ పనిచేయదు.

ఇది చదివి ఎవరూ మందు ఆపవద్దు. ట్రైకోమోనాస్‌ను చంపాల్సిందే. డాక్టర్ చెప్పినన్ని రోజులూ వాడండి, భర్తకో భాగస్వామికో కూడా చికిత్స చేయించండి. కోర్సు అయ్యాక కూడా మంట, దురద ఉంటే మిగిలిన మాత్రలు మీ అంతట మీరు వేసుకోకుండా మళ్లీ పరీక్ష చేయించుకోండి.