ఫీనిక్స్ హాకీ జట్టు కథ చెడింది టెంపీలో కాదు, గ్లెన్‌డేల్‌లో

ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో కొత్త జట్ల మాట వచ్చిన ప్రతిసారీ అట్లాంటా, హ్యూస్టన్‌ల పక్కన ఫీనిక్స్ పేరు కూడా వినిపిస్తుంది. ఆ వెంటనే పాత పంచాయితీ మళ్లీ లేస్తుంది. 2024 ఏప్రిల్‌లో అక్కడి అరిజోనా కయోటీస్ జట్టు యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీకి తరలిపోవడానికి బాధ్యులెవరు? యజమాని అలెక్స్ మెరువెలోనా? 2023 మేలో కొత్త అరీనా (ఇండోర్ స్టేడియం) వద్దని ఓటేసిన, ఫీనిక్స్ పక్కనున్న టెంపీ ఊరి జనమా? అభిమానులు ఈ రెండింటి మధ్యే కొట్టుకుంటున్నారు. ఈ రెండూ చివరి అంకంలోవి. కథ అప్పటికే ఎనిమిదేళ్ల కిందట తేలిపోయింది.

1996లో విన్నిపెగ్ నుంచి జట్టు రావడం, 2009లో దివాలా తీయడం, బ్లాక్‌బెర్రీ ఫోన్లతో పేరు తెచ్చుకున్న జిమ్ బాల్సిలీ దాన్ని కెనడాలోని హామిల్టన్‌కి పట్టుకుపోవాలని చూస్తే కోర్టు ఒప్పుకోకపోవడం, చివరికి లీగే 14 కోట్ల డాలర్లకు జట్టును కొనుక్కోవడం, ఇవన్నీ చాలాసార్లు రాసినవే. వాటిని పక్కన పెడదాం. చూడాల్సిన తేదీ 2015 జూన్ 10.

ఆ బుధవారం సాయంత్రం, జట్టు ఆడే అరీనా ఉన్న గ్లెన్‌డేల్ సిటీ కౌన్సిల్ ప్రత్యేక సమావేశం పెట్టింది. విషయం ఒక్కటే: జట్టుతో నగరం చేసుకున్న 15 ఏళ్ల అరీనా ఒప్పందాన్ని రద్దు చేయాలా, వద్దా. జట్టు జెర్సీలు వేసుకున్న అభిమానులతో హాలు నిండిపోయింది. జట్టు సహ యజమాని ఆంథొనీ లెబ్లాంక్, లాయర్లు మైకు ముందుకొచ్చి ఇది అన్యాయమన్నారు, కోర్టుకు లాగుతామన్నారు, 20 కోట్ల డాలర్ల పరిహారం మాట కూడా ఎత్తారు. అంతా విన్నాక కౌన్సిల్ ఓటేసింది. రద్దుకు అనుకూలంగా 5, వ్యతిరేకంగా 2.

కౌన్సిల్ చేతిలో ఉన్న ఆయుధం అరిజోనా చట్టంలోని 38-511 సెక్షన్. ప్రభుత్వ సంస్థ తరఫున ఒక కాంట్రాక్టు కుదర్చడంలో ముఖ్యపాత్ర పోషించిన వ్యక్తి, ఆ కాంట్రాక్టు నడుస్తుండగానే అవతలి పక్షం దగ్గర ఉద్యోగంలో చేరితే, మూడేళ్లలోపు ఆ కాంట్రాక్టును రద్దు చేసుకునే హక్కు ఆ సంస్థకు ఉంటుంది. గ్లెన్‌డేల్ మాజీ సిటీ అటార్నీ (నగరం తరఫు లాయరు) జట్టులో లాయరుగా చేరాడు. ఒప్పందం 2013 నాటిది కాబట్టి గడువు 2016తో ముగిసిపోతుంది. నగరం దగ్గర ఇంకో ఏడాది మాత్రమే మిగిలి ఉంది.

ఆ మాజీ అటార్నీకి ఈ ఒప్పందం చర్చలతో సంబంధం లేదని, నగరం వంక వెతుక్కుందని జట్టు వాదించింది. ఆ వాదనలో బలం లేదని చెప్పలేం. కేసు తీర్పు దాకా వెళ్లలేదు కాబట్టి అది తేలనూ లేదు. కానీ వంకే అనుకున్నా, ఆ నగరం వంక వెతుక్కునే స్థితికి ఎందుకు వచ్చిందన్నది అసలు ప్రశ్న. అభిమానుల కథనాల్లో ఈ భాగం సాధారణంగా ఒక వాక్యంతో సరిపోతుంది.

గ్లెన్‌డేల్ ఫీనిక్స్‌కు పడమట ఉన్న ఊరు, జనాభా రెండు లక్షల పైచిలుకు. నగరం దాదాపు 18 కోట్ల డాలర్లు అప్పు తెచ్చి కట్టిన అరీనా 2003 డిసెంబరులో తెరుచుకుంది. చుట్టూ దుకాణాలు, హోటళ్లు వస్తాయని, వాటి మీద వచ్చే పన్నుతో అప్పు తీరుతుందని లెక్క వేసుకున్నారు. ఐదారేళ్లకే రియల్ ఎస్టేట్ కుప్పకూలింది, జట్టు దివాలా కోర్టుకు వెళ్లింది. టికెట్లు కొనే అభిమానుల్లో చాలామంది తూర్పున స్కాట్స్‌డేల్, టెంపీ వైపు ఉండేవాళ్లు. వారం మధ్యలో రాత్రి ఏడింటి ఆటకు రావాలంటే సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ ట్రాఫిక్‌లో నగరమంతా దాటి రావాలి. ఖాళీ సీట్లకు సగం కారణం అదేనని లీగ్‌కూ తెలుసు, నగరానికీ తెలుసు.

జట్టు లీగ్ చేతిలో ఉన్న రోజుల్లో, అది వేరే ఊరికి పోకుండా ఉండటానికి గ్లెన్‌డేల్ ఏడాదికి 2.5 కోట్ల డాలర్ల చొప్పున రెండేళ్లు లీగ్‌కే చెల్లించింది. అవతల సిబ్బందిని తగ్గించుకుంటూ, సేల్స్ ట్యాక్స్ పెంచుతూ ఇవతల హాకీ లీగ్‌కు చెక్కులు రాసింది. మాథ్యూ హల్సైజర్ అనే షికాగో వ్యాపారి కొంటానని ముందుకొస్తే, అతనికి నగరం ఇవ్వజూపిన సొమ్ము ప్రజాధనాన్ని కానుకగా ఇవ్వడమేనని ఫీనిక్స్‌లోని గోల్డ్‌వాటర్ ఇన్‌స్టిట్యూట్ అనే మేధో సంస్థ దావా వేస్తామని హెచ్చరించింది. ఆ బేరం వీగిపోయింది. తర్వాత గ్రెగ్ జేమిసన్ వచ్చాడు, డబ్బు సమకూర్చుకోలేక 2013 జనవరిలో తప్పుకున్నాడు.

ఈ గందరగోళంలోనే 2011-12లో జట్టు తన చరిత్రలో అన్నిటికన్నా మంచి సీజన్ ఆడింది. పసిఫిక్ డివిజన్ గెలిచి, వెస్ట్రన్ కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్లి లాస్ ఏంజెలెస్ కింగ్స్ చేతిలో ఓడింది. ఆటలో అంత దూరం వెళ్లిన జట్టుకు అప్పటికి యజమానే లేడు.

2013 జులైలో లెబ్లాంక్ బృందంతో బేరం కుదిరింది. అరీనా నిర్వహణ రుసుము పేరుతో నగరం జట్టుకు ఏడాదికి 1.5 కోట్లు, 15 ఏళ్లకు 22.5 కోట్ల డాలర్లు ఇవ్వాలి. ఐదేళ్లలో నష్టం 5 కోట్ల డాలర్లు దాటితే జట్టు ఊరు వదిలి వెళ్లిపోవచ్చు. అంటే నగరం 15 ఏళ్లకు కట్టుబడాలి, జట్టు ఐదేళ్లకు. కౌన్సిల్ దీన్ని 4-3తో ఒప్పుకుంది. మేయర్ జెర్రీ వియర్స్ అప్పుడే వ్యతిరేకించాడు. టికెట్ల మీద రుసుము, పార్కింగ్ లాంటివాటి ద్వారా ఆ డబ్బు వెనక్కి వస్తుందని నగరానికి చెప్పారు. వచ్చింది చూస్తే ఇచ్చినదాంట్లో సగం కూడా లేదు. 2015 నాటి ఓటుకు నేపథ్యం ఇది.

ఓటు పడిన రెండు రోజులకే జట్టు కోర్టు నుంచి తాత్కాలిక ఉత్తర్వు తెచ్చుకుంది. జులై చివరికల్లా ఇద్దరూ రాజీపడ్డారు. 15 ఏళ్ల ఒప్పందం పోయి రెండేళ్లది వచ్చింది, రుసుము ఏడాదికి 65 లక్షల డాలర్లకు దిగింది. 2013లో ఒప్పందం కోసం గట్టిగా నిలబడ్డ కౌన్సిల్ సభ్యుడొకరిని అదే నవంబరులో ఓటర్లు పదవి నుంచి దించేశారు. దానికి వేరే కారణాలూ ఉన్నాయనుకోండి, హాకీ మాత్రం అందులో ఒకటి.

కౌన్సిల్ ఓటు జట్టును మరునాడే ఊరి నుంచి వెళ్లగొట్టలేదు. అది చేసింది ఇంకొకటి. అప్పటి నుంచి కయోటీస్‌కు సొంత చిరునామా లేదు. లీజు గడువు దగ్గరపడటం, పొడిగించుకోవడం, మళ్లీ కొత్త చోటు కోసం వెతకడం, ఇదే పని. 2016లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీతో కలిసి టెంపీలో కడతామన్నారు. 2017 ఫిబ్రవరిలో యూనివర్సిటీ తప్పుకుంది. ఆ మార్చిలో లీగ్ కమిషనర్ గ్యారీ బెట్‌మన్ రాష్ట్ర చట్టసభకు లేఖ రాస్తూ, జట్టు గ్లెన్‌డేల్‌లో ఉండలేదు, ఉండదు అని తేల్చేశాడు. ఇంకా అద్దెకుంటున్న ఇంటి గురించి ఆ మాట అనడం! అయినా అప్పుడు లీగ్ అడిగింది కొత్త అరీనాకు మళ్లీ ప్రజాధనమే. చట్టసభ కదల్లేదు.

2019లో మెరువెలో జట్టును కొన్నాడు. ఆయన మీద ఉన్న ఆరోపణల్లో కొన్ని గట్టివే. 2021 ఆగస్టులో గ్లెన్‌డేల్ ఇక లీజు పొడిగించేది లేదంది. అదే డిసెంబరులో దాదాపు 13 లక్షల డాలర్ల పన్ను బకాయి ఉందని, కట్టకపోతే అరీనా తాళాలు వేస్తామని హెచ్చరించింది. ఏదో పొరపాటు జరిగిందని చెప్పి జట్టు ఆ సొమ్ము కట్టేసింది. డబ్బు పోయింది కానీ ఆ వార్త పోలేదు. ఏడాదిన్నర తర్వాత టెంపీలో ప్రచారం చేసినవాళ్లకు గ్లెన్‌డేల్ అనుభవం రెడీగా దొరికింది.

టెంపీ ప్రతిపాదన కాగితం మీద బాగానే ఉంది. 46 ఎకరాల పాత చెత్త డంపు స్థలంలో అరీనా, ఇళ్లు, హోటళ్లు, మొత్తం 210 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. ఖర్చు ప్రైవేటుదేనని, స్థలం శుభ్రం చేసేదీ తామేనని జట్టు చెప్పింది. కౌన్సిల్ 7-0తో ప్రజల ఓటుకు పంపింది. స్కై హార్బర్ ఎయిర్‌పోర్టు విమానాల దారి కింద ఇళ్లు కట్టడం కుదరదంటూ ఫీనిక్స్ నగరం కేసు వేసింది. 2023 మే 16న మూడు ప్రతిపాదనలూ ఓడిపోయాయి. ఒక్కోదానికి వ్యతిరేకంగా సుమారు 56 శాతం ఓట్లు పడ్డాయి. పన్ను మినహాయింపుల లెక్కలు ఎంతమంది చదివారో గానీ, పక్క ఊళ్లో ఇరవై ఏళ్లుగా జరిగింది మాత్రం అందరూ చూశారు.

అప్పటికే జట్టు టెంపీలోని యూనివర్సిటీ రింకులో ఆడుతోంది. అరిజోనా స్టేట్‌లో చదివిన మన తెలుగు పిల్లలకు మల్లెట్ అరీనా తెలిసే ఉంటుంది. అందులో హాకీకి పట్టే జనం సుమారు 4,600. మిగతా ఎన్‌హెచ్‌ఎల్ అరీనాల్లో మామూలుగా 17, 18 వేలు. 2022 అక్టోబరులో ఆటలు మొదలయ్యేనాటికి బయటి జట్లకు డ్రెస్సింగ్ రూములు కూడా పూర్తి కాలేదు, తాత్కాలిక గదులతో నెట్టుకొచ్చారు. నాలుగు సొంత ఆటలు ఆడి, వరుసగా 14 ఆటలకు బయట ఊళ్లు తిరగాల్సి వచ్చింది.

చివరిదైన 2023-24 సీజన్ మొదట ఆశపెట్టింది. నవంబరు చివర, డిసెంబరు మొదట్లో వేగస్, టాంపా బే, కొలరాడో, సెయింట్ లూయిస్, వాషింగ్టన్‌లను వరుసగా ఓడించింది. అంతకుముందు ఆరేళ్లలో లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్‌లు పంచుకున్నది ఈ ఐదు జట్లే. గోల్‌కీపర్ కానర్ ఇంగ్రమ్ మంచి ఊపు మీదున్నాడు, కుర్రాడు లోగన్ కూలీ అప్పుడే వచ్చాడు. ఇంతలో ఫిబ్రవరిలో ఆటగాళ్ల యూనియన్ అధినేత మార్టీ వాల్ష్, ఇలాంటి రింకులో ఎన్నాళ్లు ఆడాలని బహిరంగంగానే అడిగాడు. కొత్త అరీనా స్థలం గురించి రోజుకో పుకారు. జనవరి చివరి నుంచి ఫిబ్రవరి నెలాఖరు దాకా వరుసగా 14 ఆటల్లో గెలుపన్నదే లేదు. టెన్షన్ వల్లే ఓడారని ఎవరూ రుజువు చేయలేరు. 36 గెలుపులు, 77 పాయింట్లతో సీజన్ ముగిసింది, ప్లేఆఫ్స్ లేవు.

ఏప్రిల్ 17న మల్లెట్‌లో ఎడ్మంటన్ మీద 5-2తో చివరి ఆట గెలిచారు. మరునాడే లీగ్ పాలకమండలి బదిలీకి ఓకే చెప్పింది. జట్టును కొన్న యూటా వ్యాపారి రయన్ స్మిత్ 120 కోట్ల డాలర్లు కట్టాడు, అందులో 100 కోట్లు మెరువెలోకు, మిగతాది లీగ్‌లోని ఇతర యజమానులకు. డెక్కన్ ఛార్జర్స్ రద్దయినప్పుడు కొద్ది వారాల్లోనే సన్ గ్రూప్ వచ్చి హైదరాబాద్‌కు జట్టు నిలబెట్టింది. ఇక్కడ పేరు, లోగో మాత్రం మెరువెలో దగ్గర ఉంచి, ఐదేళ్లలో అరీనా కడితే జట్టును తిరిగి నడపొచ్చన్నారు. ఆయన ఉత్తర ఫీనిక్స్‌లో 95 ఎకరాల ప్రభుత్వ స్థలం మీద కన్నేశాడు. 6.85 కోట్ల డాలర్ల కనీస ధరతో జూన్ 27న వేలం పెట్టారు. అరీనాకు ప్రత్యేక అనుమతి ముందు తెచ్చుకోవాలంటూ వేలానికి వారం ముందు రాష్ట్ర భూముల శాఖ దాన్ని ఆపేసింది. కొద్ది రోజులకే మెరువెలో హక్కులు వదులుకున్నాడు. వేలం ఆపిన తీరును ఆయన వర్గం తప్పుపట్టింది. అనుమతి లేకుండా వేలం ఎందుకు పిలిచారన్న ప్రశ్నకు శాఖ దగ్గర సరైన జవాబు లేదన్నది ఒప్పుకోవాలి.

యూటాలో ఎక్కువగా ఆ ఆటగాళ్లతోనే మొదటి ఏడాది 89 పాయింట్లు వచ్చాయి, ఇప్పుడు జట్టు పేరు యూటా మామత్. గ్లెన్‌డేల్ అరీనా కచేరీలతో, ఇతర కార్యక్రమాలతో నడుస్తోంది, హాకీ మళ్లీ కావాలని నగరం అడగడం లేదు. ఫీనిక్స్‌కు కొత్త జట్టు తెస్తామనేవాళ్లు నగరం స్థలమో రాయితీయో కోరితే ఏదో ఒక కౌన్సిల్ ముందు కూర్చుని సంతకం పెట్టాలి. 38-511 సెక్షన్ ఇంకా అమల్లో ఉంది. అరిజోనాలో ప్రభుత్వ సంస్థలు రాసుకునే ప్రతి కాంట్రాక్టులోనూ దాన్ని ప్రస్తావించి తీరాలని ఆ చట్టమే చెబుతుంది.